స్టీలు డబ్బాలో మా అత్త గడ్డ

మా మేనత్త పోయిందని మొన్న పొద్దున కైకలూరు నుంచి ఫోను వచ్చింది. నిద్రలోనే గుండె ఆగిందట. కాసేపు ఏడ్చాను. ఏడుపు మధ్యలోనే నవ్వొచ్చింది. ఆవిడ గుర్తొస్తే అంతే.

అత్తది కొల్లేటి చేపల వ్యాపారం. రెండువేల దశకం నడిమిలో ఆవిడ గర్భసంచిలో గడ్డ ఉందని తేలింది. నెలలో సగం రోజులు రక్తం పోయేది. ఎక్కడ కూర్చుని లేచినా మరక పడిందేమోనని వెనక్కి తిరిగి చూసుకునేది. నాలుగు మెట్లెక్కితే ఆయాసం. అందరూ గర్భసంచి తీయించుకోమన్నారు. "చేప పాడైతే చేపను పారేస్తాం గానీ బుట్టను తగలేస్తామా?" అనేది.

చివరికి విజయవాడలో ఒక డాక్టరమ్మ వేరే దారి చెప్పింది. తొడ దగ్గర రక్తనాళంలోకి సన్నని గొట్టం పంపి, గడ్డకు రక్తం అందే చోట ఇసుక రేణువుల్లాంటి పూసలు అడ్డం వేస్తారట.

"అంటే, కాలవ కట్టేస్తే చేను ఎండినట్టా అండీ?"

"అంతేనమ్మా."

"ఆ ముక్క ముందే చెప్పొచ్చుగా!"

చేయించుకుంది. రెండు రోజులు నొప్పితో ఆస్పత్రి అదరగొట్టింది. మూడు నెలల తర్వాత స్కానింగులో గడ్డ సగమైంది, దానిలో రక్తం ఆడటం లేదు. చచ్చిపోయిందన్నారు.

"చచ్చినదాన్ని లోపల పెట్టుకుని ఎన్నాళ్ళు తిరగనండీ? వాసన రాదూ?"

ఐదో నెలలో ఒక ఉదయం కడుపు మెలిపెట్టి, నిమ్మకాయంత ముక్క బయటపడింది. అత్త దాన్ని స్టీలు డబ్బాలో పెట్టి, నా చేత కాలేజీ మాన్పించి, విజయవాడ బస్సెక్కించింది. గుడివాడలో ఎక్కిన ఒకావిడ డబ్బా చూసి "ఏం కూరండీ?" అంది.

"ఇంకా వండలేదండీ" అంది అత్త.

అంది గానీ, డబ్బాను ఒళ్ళోకి లాక్కుని మూత గట్టిగా అదిమి పట్టుకుంది. "కేన్సరని తేలితే మీ మావయ్యకు చెప్పకే" అని నా చెవిలో గొణిగింది.

చచ్చిన గడ్డ ఒక్కోసారి ఇలా ఊడి వస్తుందని చెప్పి, డాక్టరమ్మ దాన్ని ల్యాబుకు పంపింది. వారం తర్వాత మళ్ళీ వెళ్ళాం. అంతా చచ్చిన కండేననీ, కేన్సర్ లేదనీ ల్యాబు డాక్టరు చెప్పారు. అత్త నమ్మలేదు.

"నాది నాకు చూపించండి."

ఆయన నవ్వి మైక్రోస్కోపు ముందు కూర్చోబెట్టారు. ఒక కన్ను మూసి చాలాసేపు చూసింది. పరచినట్టు గులాబీ రంగు, నాళాల్లో ఇరుక్కున్న గుండ్రటి పూసలు.

"అబ్బ, చేపగుడ్లేనండీ!" అని, అక్కడే భోరున ఏడ్చింది.

ఆస్పత్రి మాటెత్తితే గొంతు తగ్గించే మా ఇంటి ఆడవాళ్ళకు ఆ తర్వాత నోరిచ్చింది ఆవిడే.

ఆ రోజు ల్యాబు నుంచి బయటికొచ్చి గవర్నర్‌పేటలో లేత పసుపు చీర కొంది. ఏళ్ళ తరబడి ముదురు రంగులు తప్ప కట్టని మనిషి, అక్కడే కట్టుకుంది. తిరుగు బస్సులో కిటికీ పక్కన వెనక్కి జారగిలబడి కూర్చుంది. కైకలూరు రాగానే లేచి, సీటు వంక ఒక్కసారైనా తిరిగి చూడకుండా దిగిపోయింది.