రెబెక్కమ్మ నోట 'చూస్తాలే'

మా అత్త రెబెక్కమ్మకు కాదనడం రాదు. మేకపిల్లను సాకమన్నా, చర్చిలో సాక్ష్యం చెప్పమన్నా ఒకటే మాట: "చూస్తాలే." దానికి అర్థం 'నా వల్ల కాదు పో' అని విడవలూరు దగ్గర మా పల్లెలో అందరికీ తెలుసు. తెలిసీ మళ్లీ అడుగుతారు, అది వేరే సంగతి.

ఆమె ప్రభుత్వాసుపత్రిలో ముప్పయ్యేళ్లు ఆయాగా చేసింది. ఇళ్లలో కాన్పులు కూడా చేసింది. పల్లెలో సగం మంది ఆమె చేతుల్లో పడ్డవాళ్లే.

పోయిన ఆగస్టులో ఎదురింటి రెజీనా ఐదో నెల కడుపుతో వచ్చి కూర్చుంది. తొలికాన్పుకు నెల్లూరులో ఆపరేషన్ చేశారు. కుట్లు చీము పట్టి నెలన్నర బిడ్డను ఎత్తుకోలేకపోయింది. ఈసారి ఆసుపత్రి మెట్టెక్కనంది.

"ఇంట్లోనే, మామూలుగానే కంటాను పెద్దమ్మా. నువ్వు చూస్తావా?"

అత్త చేపలు తోముతోంది. తలెత్తకుండానే "చూస్తాలే" అంది.

నేను విని నవ్వుకున్నాను. ఆ నవ్వు గుర్తొస్తే ఇప్పటికీ నా మీద నాకే ఒళ్లు మండుతుంది. కాన్పులు చేసే మనిషి 'చూస్తా' అంటే మాటిచ్చినట్టేనని అత్తకు గానీ నాకు గానీ తట్టలేదు.

డిసెంబరులో ఒక ఆదివారం ఆరాధన అయి అన్నానికి కూర్చున్నాం. రెజీనా మొగుడు ఆండ్రూ నవ్వుతూ వచ్చాడు.

"నొప్పులొచ్చినాయి పెద్దమ్మా. అంతా సిద్ధం జేసినాం, రా."

వెళ్లి చూసి నేను కొయ్యబారిపోయాను. గది కడిగి, ఉడకబెట్టి ఆరేసిన పాత చీరలు దొంతర పెట్టారు. కొత్త బ్లేడు, దారం, కాగిన నీళ్లు. అత్త కూర్చోవడానికి పీట కూడా వేశారు.

అత్త గడప దగ్గరే నిలబడిపోయింది. "నేనెప్పుడు చేస్తానన్యాను మే?"

"చూస్తానంటివి గదా."

అత్త లోపలికొచ్చింది. వంగి, పాత కోత మీద మెల్లగా వేలు ఆనించింది. రెజీనా విలవిల్లాడింది.

"నొప్పి ఆగినప్పుడు గూడా ఇక్కడ నొస్తా ఉందా?"

"పొద్దుట్నించీ."

"ఆండ్రూ, 108కి ఫోన్ జెయ్."

రెజీనా ఆమె చెయ్యి పట్టుకుంది. "నువ్వుంటే చాలు పెద్దమ్మా, నన్ను మళ్లా కొయ్యనీబాక."

"నేను చెయ్యను" అంది అత్త. "నాకు చేతగాదు." ఆ మాట ఆమె నోట నేను వినడం అదే మొదటిసారి. ఆగస్టులోనే అని ఉంటే ఎంత బాగుండేది.

108లో నెల్లూరు తీసుకుపోయాం. ఆపరేషన్ చేసి డాక్టరమ్మ బయటికొచ్చింది. గర్భసంచి మీది పాత కుట్టు ఉల్లిపొరలా పలచబడి, దాని కింద బిడ్డ జుట్టు కనిపించిందట. ఇంకాసేపు ఆగి ఉంటే ఇద్దరూ దక్కేవాళ్లు కాదంది.

ఇంతలో నర్సు గుడ్డలో చుట్టిన ఆడపిల్లను తెచ్చింది. "అవ్వా, బిడ్డను చూస్తావా?"

అత్త పెదవులు కదిలాయి గానీ 'చూస్తాలే' బయటికి రాలేదు. రెండు చేతులూ చాచింది.