కందిరీగలున్న సైప్రస్ చెట్టు

మొన్న కుప్పంలో బంధువుల పెళ్లికి వెళితే, కల్యాణ మండపం ముందు రెండు వరుసల్లో ఇటాలియన్ సైప్రస్ చెట్లు మడిచిపెట్టిన గొడుగుల్లా నిటారుగా నిలబడి ఉన్నాయి. అందరూ భోజనాల వైపు నడుస్తుంటే నేను మూడో చెట్టు దగ్గర ఆగిపోయాను. నడుమెత్తున ఒక కొమ్మ ఇటుక రంగుకు తిరిగి ఉంది. చెయ్యి దానంతటదే బెరడు మీదికి పోయింది. "పంక్తి లేస్తాది, రాండి" అని మా ఆవిడ పిలిచింది గానీ, తనూ ఆ కొమ్మనే చూస్తోంది. ఇద్దరికీ వాళ్ల నాన్నే గుర్తొచ్చాడు.

మా మామ మదనపల్లెలో బట్టల కొట్టు నడిపి, తొంభైల మొదట్లో పుంగనూరు రోడ్డులో ఇల్లు కట్టుకున్నాడు. ఆయనకు అనుమానం ఎక్కువ. పాలలో వేలు ముంచి చూసేవాడు, ఉత్తరం వస్తే అంటించిన చోట ఎవరైనా విప్పారేమో అని వెలుగుకు పట్టి చూసేవాడు. నాకు పిల్లనిచ్చే ముందు, నేను పనిచేసే కుప్పం ఎరువుల కొట్టుకు తెలియని మనిషిని పంపి కిలో వేపపిండి కొనిపించాడు. ఇంట్లో తూస్తే కాస్త ఎక్కువే ఉందట. "ఎక్కువ తూచేవాణ్ణి కూడా నమ్మలేం" అన్నాడట. అయినా ఎందుకో పెళ్లి చేశాడు. అలాంటి మనిషి మనసు పారేసుకున్నది ఒక్క చెట్ల మీదే. బెంగుళూరు నర్సరీ నుంచి లారీలో ఎనిమిది సైప్రస్ మొక్కలు తెప్పించి, గేటు నుంచి బావి దాకా వరుసగా నాటించాడు. వీధిలో అందరూ వాటిని సరుగుడు చెట్లనేవాళ్లు, ఆయనకు ఒళ్లు మండేది. నీళ్లు పోసే పని ఆయన సొంత ఊరి నుంచి వచ్చిన ఒక అక్కది. ఆ ఇద్దరూ చిన్నప్పుడు ఒకే వీధిలో ఆడుకున్నవాళ్లు. కత్తిరించే పని మాత్రం ఆయన ఎవరికీ ఇవ్వలేదు. ఆదివారం తలంటుకునే ముందు పొడవాటి కత్తెర తీసుకుని గేటు దగ్గర మొదలుపెట్టేవాడు.

నా పెళ్లయిన మూడో ఏడు వానలు పోయాక గేటు పక్క చెట్టు ఎర్రబారింది. తర్వాత రెండోది, తర్వాత మూడోది. వరుసగా వస్తున్నందుకు, ఇది మనిషి పనేనని మామ తేల్చాడు. మొదట పక్క స్థలం వాళ్లను అనుమానించాడు. తర్వాత ఒకరోజు నీళ్ల బిందెతో వచ్చిన అక్కను, "నీళ్లలో ఏమన్నా కలపతాండావా?" అని అడిగేశాడు. ఆమె బిందె కింద పెట్టింది. ఆ సాయంత్రమే పుంగనూరులో కూతురింటికి వెళ్లిపోయింది.

మూడో అనుమానితుణ్ణి నేను. ఆ వారం వెళ్లినప్పుడు, రోడ్డు దుమ్ముకు ఆకు రసం పీల్చే నల్లి పురుగు పట్టిందేమోనని కొమ్మ కింద తెల్ల కాగితం పెట్టి తట్టాను. రెండు చుక్కలు కదిలినట్టు అనిపించింది. ఎరువుల కొట్టు మనిషినన్న ధీమాతో అన్ని చెట్లకూ నల్లి మందు కొట్టించాను. నెల తిరక్కుండా నాలుగోదీ ఐదోదీ ఎర్రబారాయి. మామ ఖాళీ మందు డబ్బా మూత తీసి వాసన చూశాడు. తర్వాత కూతురితో, "మీ ఆయన రాకముందు మూడు, వచ్చినాక అయిదు" అన్నాడు.

చలికాలం పోయేసరికి ఏడు చెట్లకూ అంటుకుంది. బావి దగ్గరి ఎనిమిదోది ఒక్కటే నిగనిగలాడుతూ ఉంది. దాని గుబురులో కందిరీగల తుట్టె. మామ దాన్ని దూరం నుంచి చూపిస్తూ, "దొంగ ఎవుడో గానీ కందిరీగలకు భయపడేటోడప్పా" అన్నాడు. నవ్వొచ్చింది, ఆపుకున్నాను. ఆ మాట పట్టుకుని ఎర్రబారిన కొమ్మలన్నీ మొదలు దాకా వెతికాను. ప్రతి కొమ్మ మీదా ఒక కత్తిరింపు గాయం, దాని చుట్టూ లోపలికి కుంగిన బెరడు, కారి గట్టిపడిన జిగురు. చాకుతో గీకితే లోపల పచ్చదనం లేదు, తోలు రంగు.

"మామా, బావి దగ్గర చెట్టును మీరు కత్తిరించరా?"

"యాడ కత్తిరించేది? పోయినేడు కుట్టినాయి గదా, మూడు దినాలు కన్ను తెరవలేదు" అన్నాడు. అని, తన మాట తనే విన్నట్టు ఆగిపోయాడు.

అది బెరడు లోపల పెరిగే శిలీంధ్రం తెగులు. గాయంలోంచి దూరుతుంది, కత్తెర అంచున ఒక చెట్టు నుంచి ఇంకో చెట్టుకు పోతుంది. కొడితే తగ్గే మందు లేదు. ఎండ కాసే రోజు చూసి జబ్బు కొమ్మను గాయానికి జానెడు కిందికి, పచ్చి ఉన్న చోట కోయాలి, కోతకోతకూ కత్తెరను స్పిరిట్‌తో తుడవాలి, కోసిందాన్ని కాల్చేయాలి. మామ ఇదీ నమ్మలేదు. నాకు చెప్పకుండా ఒక కొమ్మ ముక్కను బెంగుళూరు నర్సరీకి పంపాడు. వాళ్లూ అదే చెప్పారు. మాను చుట్టూ బెరడు చచ్చిపోయిన రెండు చెట్లను పీకించాం, ఐదింటిని నేనే కోశాను.

మరునాడు ఆయన చొక్కా వేసుకుని, "పుంగనూరికి పోదాం పద" అన్నాడు. అక్క కూతురింటి అరుగు మీద కూర్చుని, తన చెప్పుల వైపే చూస్తూ చెప్పాడు.

"చెట్లకు రోగమంటక్కా. నా కత్తెరతో నేనే అంటించినానంట."

"అంటనా, నిజమా?" అంది ఆమె, చేటలో రాగులు చెరుగుతూనే.

"నిజమే."

"నువ్వు అడిగింది నీళ్లను గురించి కాదప్పా, నన్ను గురించి" అంది. తర్వాత చేట పక్కన పెట్టి, "వస్తాను. ఇంక కత్తెర నాకాడ ఉంటాది" అంది. మామ తల ఊపాడు.

ఆమె వచ్చింది, ఆయన బతికినన్నాళ్లూ ఆ చెట్లను చూసుకుంది. ఆయన పాలలో వేలు ముంచడం మానలేదు గానీ, ఆమెను మళ్లీ ఏదీ అడగలేదు. ఆమె పుంగనూరులో ఉన్నది నాలుగు నెలలే, అప్పట్లో నాకది ఒక పంటకాలం కన్నా తక్కువనిపించింది. ఇప్పుడు ఆయన వయసుకు వచ్చాను. ఆ వయసులో, చిన్ననాటి మనిషితో మాటల్లేకుండా నాలుగు నెలలు గడపడమంటే ఎంత కాలమో ఇప్పుడు తెలుస్తోంది.