వెనకింటి ఆమెకు అప్పగించిన మనవి

మా సంఘంలో స్త్రీల ప్రార్థన మంగళవారం సాయంత్రం ఎవరో ఒకరి వరండాలో జరుగుతుంది. చాప మీద పక్కన కూర్చున్నామెకు మన మనవి చెప్పాలి, ఆమె మనవి మనం తీసుకోవాలి. మళ్లీ మంగళవారం దాకా ఆమె కోసమే ప్రార్థించాలి, సొంత మనవి ఊసెత్తకూడదు. మన తరఫున దేవునికి స్తోత్రం చెప్పుకోవడం వరకే. పెద్దవాళ్లు పెట్టిన పద్ధతి. నాకు మొదట్నుంచీ నచ్చేది కాదు. నా మొగుడి కోసం నాకంటే బాగా ఎవరు ఏడుస్తారని నా వాదన.

ఆయనకు కిడ్నీ జబ్బు మొదలైందని తెలిసింది. మా ఉద్దానంలో అదెలా ముదురుతుందో కళ్లారా చూసినదాన్ని. ఇక నా ప్రార్థన ప్రార్థనలా ఉండేది కాదు. రక్తపరీక్షల సంగతంతా దేవునికి అప్పజెప్పి, ఏం చేయాలో కూడా నేనే చెప్పేదాన్ని. ఆమెన్ అన్నాక మళ్లీ మొదటి నుంచీ అందుకునేదాన్ని.

ఆయన మళ్లీ పలాస వెళ్లి పరీక్షకు రక్తం ఇవ్వాల్సిన వారం, మా వెనకింటి ఆమె నా పక్కన కూర్చుంది. ఆమె కూతురు ఇచ్ఛాపురంలో ఉంటుంది. తొలి కాన్పు, నెలలు నిండాయి. నేను ఆయన సంగతి చెప్పాను, ఆమె కూతురి సంగతి చెప్పింది. తలలు వంచాం, టీ తాగాం, ఇళ్లకు పోయాం.

మర్నాడు జీడిపప్పు పొట్టు వలుస్తూ, అలవాటుగా ఆయన కోసం మొదలుపెట్టబోయి నాలుక కరుచుకున్నాను. చేసేది లేక ఆ పిల్ల కోసం అడిగాను. అడగ్గా అడగ్గా అందులో పడిపోయాను. అన్నం సయిస్తోందా, నిద్ర పడుతోందా, అత్త బాగా చూస్తోందా అని దేవుణ్ని వేధించాను. పరీక్ష ముందురోజు పొద్దున తాలింపు వేస్తుంటే మా ఆయన పొయ్యి దగ్గరికొచ్చి, "ఏటి, పాట పాడతన్నావు?" అన్నారు.

నాకే ఆశ్చర్యమేసింది. భయం ఎక్కడికీ పోలేదు. కానీ దాన్ని మోసే మనిషి వేరే ఉంది. ఆ పూట చాలా నెలల తర్వాత సంతోషంగా అన్నం తిన్నాను.

రిపోర్టులో క్రియాటినిన్ అంకె తగ్గలేదు, కాస్త పెరిగింది. డాక్టరు మందు మార్చాడు, నెల తర్వాత మళ్లీ రమ్మన్నాడు. నాకు కళ్లనీళ్లు వచ్చాయి గానీ, మునుపటిలా మంచమెక్కకుండా పొయ్యి వెలిగించాను. వెనకింటి ఆమెకు చెప్పాలి కదా అని వెళ్లాను.

ఆమె పెరట్లో కొబ్బరి మట్టలు చీలుస్తోంది. విని కత్తి కింద పెట్టేసి, కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. నేనే పక్కన కూర్చుని వీపు రాశాను. కూతురికి ఆ తెల్లవారుజామునే ఆడపిల్ల పుట్టిందట, తల్లీబిడ్డా క్షేమమట. నా కబురు తెలిసేదాకా ఆ మాట బయటపెట్టడానికి ఆమెకు మనసొప్పలేదట. నాకు ఒక్కసారిగా ఏడుపూ నవ్వూ వచ్చాయి. స్తోత్రం, స్తోత్రం అన్నాను.

ఆమె మాత్రం కళ్లు తుడుచుకుని నా చెయ్యి గట్టిగా పట్టుకుంది.

"మంగళారం ఇంకొకల పక్కన కూకోకు ఒదినా. అన్నయ్య సంగతి నాకే ఒగ్గీ. నాను అడిగింది ఇంకా సాల్నేదు."