ఇంకు తగ్గితేనే కారే పెన్ను

ఈ ప్రశ్న ఎన్నిసార్లు అడిగానో నాకే లెక్క లేదు. ద్వారకా నగర్‌లోని పెన్నుల షాపాయన ఇప్పటిదాకా ఒక్కసారీ సరిగ్గా వినలేదు.

నా ఇంకు పెన్ను నిండుగా ఉన్నప్పుడు బుద్ధిగా రాస్తుంది. ఇంకు అడుగుకు దిగాకే కాగితం మీద బొట్టు రాలుస్తుంది. ఎక్కువైతే కారాలి గాని, తక్కువైతే కారడమేమిటి?

మొదటిసారి అడిగినప్పుడు ఆయన అందరి ముందూ నవ్వాడు. "ఏటి బావా, నువ్వే ఎక్కువ పోసేత్తన్నావ్. సగమే పొయ్యి."

ఆ నవ్వు నేను మరిచిపోలేదు. అయినా సగమే పోశాను. ఇంకా తొందరగా కారి, రాస్తున్న పేజీ పాడైంది.

ఆ తర్వాత ఇంట్లోనే పరీక్షలు మొదలుపెట్టాను. ఇంకు తగ్గిన పెన్నును గుప్పిట్లో పట్టుకుని కూర్చుంటే, కాసేపటికి పాళీ చివర బొట్టు ఉబ్బుతుంది. వెంటనే చల్లని తడిగుడ్డ చుడితే, ఆ బొట్టే మెల్లగా లోపలికి పోతుంది. అది మొదట చూసిన రోజు నాకు అన్నం సంగతే గుర్తు రాలేదు.

నిన్న తడిగుడ్డతో సహా షాపుకు వెళ్లి చూపించాను. ఆయన ఫోనులోంచి తలెత్తలేదు.

"జెల్ పెన్ను కొనుక్కో బావా, గొడవొదిలిపోద్ది."

నాకు జెల్ పెన్ను వద్దు. ఇంకు తగ్గాక పెన్నులో మిగిలే ఆ ఖాళీలో నా చేతి వేడి దేన్ని తోస్తోంది? సగమే పొయ్యమన్న సలహా తప్పా, కాదా? ఆయన ఫోను పక్కన పెట్టి, బొట్టును కళ్లారా చూసి, నాకు జవాబు చెప్పాలి.