మేస్త్రి వదిలిన సగం రాయి

మేస్త్రి పోయారన్న కబురు నాకు ఒక రోజు ఆలస్యంగా అందింది. గొల్లపల్లిలో ఆయన ఇంటి దగ్గర ఫోను కలవదు, ఊరి బయటి మిట్ట ఎక్కాలి. ఆయన భార్యను నేను పెద్దమ్మ అంటాను. ఆమె తమ్ముడు మర్నాడు పొద్దున ఆ మిట్ట ఎక్కి సుక్మాలో ఉన్న నాకు ఫోను చేశాడు.

"మీ మేస్త్రి పోయిండు సారూ. నిన్ననే మట్టి జేసినం. నీకు ఎంత జేసినా కలవలే."

ఆ సమయంలో నేను మా చిరుధాన్యాల మిల్లులో బస్తాల మీద వేసే ముద్రను సరిచూస్తున్నాను. ముద్ర చేతిలోనే ఉండిపోయింది. అప్పటి నుంచి నాకు నిలకడ లేదు. కూర్చుంటే లేవాలనిపిస్తుంది, లేస్తే ఎటు వెళ్ళాలో తోచదు. ఈ నాలుగు మాటలు రాయడానికి కూడా మూడుసార్లు కూర్చుని లేచాను.

పాఠకులకు ఆయన ఎవరో చెప్పాలి. పిండిమరలకూ, ఇళ్ళలోని విసుర్రాళ్ళకూ గంట్లు కొట్టడం ఆయన వృత్తి. రాయి ముఖం మీద ఉలితో తీసే సన్నని చాళ్ళే గంట్లు. అవి అరిగిపోతే గింజ తెగదు, నలుగుతుంది. మా జిల్లాలో ఈ కొసన కొంటా నుంచి ఆ కొసన తోంగ్‌పాల్ దాకా ఆయన చెయ్యి పడని చక్కీ, అంటే పిండిమర, లేదు. ఉలులను గోనెసంచిలో చుట్టి, చంకన పెట్టుకుని బస్సెక్కేవారు. దారిలో బలగాల క్యాంపు దగ్గర జవాను "ఇస్‌మే క్యా హై", ఇందులో ఏముంది అని అడిగితే, సంచి విప్పి, ఒక్కొక్క ఉలినీ పైకెత్తి, దాని పని ఏమిటో తన హిందీలో వివరించేవారు. బస్సులో జనం విసుక్కున్నా చివరి ఉలి దాకా ఆపేవారు కాదు. ఆయన చేతుల వెనుక నల్లని చుక్కలు ఉండేవి. ఉలి మొన నుంచి ఎగిరిన ఇనుప రవ్వలు చర్మంలోకి దిగి అక్కడే ఉండిపోయాయి.

నేను పంతొమ్మిదో ఏట ఆయన దగ్గర పనికి చేరాను. మొదటిసారి ఒక చక్కీ రాళ్ళను నాకు పూర్తిగా వదిలిపెట్టినప్పుడు ఒక తప్పు చేశాను. పైరాయి బోర్లా పడుతుంది కదా, కింది రాయి గీతలతో దాని గీతలు కలవాలి కదా అని ఆలోచించి, పైరాయికి ఎదురు వంపు కొట్టాను. మర తిప్పితే పిండి బరకగా, చెయ్యి పెట్టలేనంత వేడిగా వచ్చింది. మేస్త్రి చిటికెడు పిండి తీసి చెవి దగ్గర నలిపి విన్నారు.

"పిండికి జరమొచ్చిందిరా. రాయికి కాదు, నీ చేతికి వొచ్చింది."

ఆ తరవాత బొగ్గుతో తన రెండు అరచేతుల మీదా ఒకే వంపు గీతలు గీసి, చేతులు జోడించి చూపారు. లోపల గీతలు ఒకదానినొకటి అడ్డంగా దాటాయి.

"రెంటికీ ఒక్కటే గంటు. ఎదురుబడితే అదే కత్తెరైతది. కలవాలని కొట్టినవు, అందుకే కొయ్యలే."

రాత్రి బడికి నన్ను పంపింది కూడా ఆయనే. "రాయి మీద గీసే చేతికి పలకో లెక్కనా" అన్నారు. నేను పని చేసుకుంటూనే డిగ్రీ దాకా చదివాను. ఆ మాట చెప్పుకోవడానికి నేనెన్నడూ మొహమాటపడలేదు. డిగ్రీ వచ్చిన నాటి నుంచి మేస్త్రి నన్ను 'సారు' అని పిలిచేవారు. అందులో ఎగతాళి ఎంతో, మురిపెం ఎంతో నాకు తెలియలేదు. మిల్లు మేనేజరునయ్యాక నేను మళ్ళీ ఉలి పట్టలేదు.

రెండేళ్ళ క్రితం, ఇంగ్లండులో పాతకాలపు ధాన్యాలు పండించే రైతులు కొందరు మా మిల్లు నుంచి ఇద్దరిని పిలిచారు. నేనూ, మాకు కొర్రలు, సామలు పండించి ఇచ్చే మహిళా సంఘం అధ్యక్షురాలూ వెళ్ళాం. ఆమెది గొల్లపల్లి పక్క ఊరు, నేను అక్కా అంటాను. జగ్దల్‌పూర్‌లో కోటు కుట్టించుకుని మేస్త్రి దగ్గర సెలవు తీసుకోవడానికి వెళ్ళాను. అక్కడ నీళ్ళతో తిరిగే పాత మర ఉందని చెప్పాను.

"చక్రం సంగతి నాకెందుకు సారూ. రాయి మీద చెయ్యి బెట్టి చూసి రా. మన గంట్లేనా, యేరేనా. అదొక్కటి జెప్పు నాకు."

ఆ పల్లె పేరు ఇప్పుడు గుర్తులేదు. వాన తుంపర, పచ్చిక, ఒక చిన్న కాలువ. కాలువ నీరు మీద పడుతుంటే నల్లని కొయ్య చక్రం నింపాదిగా తిరుగుతుందట. కానీ ఆ రోజు చక్రాన్ని ఆపి ఉంచారు. లోపల పైరాయిని ఇనుప కొక్కేలతో ఎత్తి, వెల్లకిలా తిప్పి పెట్టారు. మర చూసుకునే ముసలాయన దాని ముందు కూర్చుని గంట్లు కొడుతున్నాడు. ఆయన చేతుల వెనుక నల్లని చుక్కలు ఉన్నాయి.

నేను ఆ చేతుల వైపే చూస్తున్నాను. ఆయన అది గమనించి, నవ్వి, ఉలి నా వైపు చాచి, మీ దేశంలో ఈ పని చేశారా అని ఇంగ్లీషులో అడిగాడు. చుట్టూ పదిమంది ఉన్నారు. నన్ను పట్టభద్రుడినని, మేనేజరునని అంతకుముందే పరిచయం చేశారు. నేను చక్కని ఇంగ్లీషులో, ఆ పని నాకు తెలియదని, మా దగ్గర దానికి కూలీలు ఉంటారని సమాధానం చెప్పాను.

"ఏమంటుండు?" అని అక్క అడిగింది.

"ఊరికే పలకరిస్తున్నాడక్కా."

"పలకరిచ్చెటోడు ఉలి ఇస్తడా? తీసుకోవేంది, నీ పనే గద."

నేను రాయి మీద చెయ్యి పెట్టలేదు. బయటికి వచ్చి చక్రం ముందు నిలబడి ఫోటో తీయించుకున్నాను.

తిరిగి వచ్చాక సుక్మాలో సన్మానం అని నాలుగు రోజులు ఆగిపోయాను. అక్క నేరుగా ఊరికి వెళ్ళింది. నేను గొల్లపల్లి వెళ్ళి ఫోను మేస్త్రి చేతిలో పెట్టాను. ఆయన, ఒక కాడ స్థానంలో దారం కట్టిన కళ్ళజోడు పెట్టుకుని, ఫోటోలన్నీ చూశారు.

"చక్రం మంచిగుంది. నీ కోటు గూడ మంచిగుంది. రాయేది సారూ?"

"మూసి ఉంది మేస్త్రీ."

ఆయన ఫోను నా చేతికి తిరిగి ఇచ్చారు. "మూసుంటే నువ్వేం జేస్తవులే, చాయ్ తాగు" అన్నారు. మళ్ళీ ఆ ఊసు ఎత్తలేదు. నిజం చెప్పాలని ఎన్నోసార్లు గొల్లపల్లి బస్సు ఎక్కాను. ప్రతిసారీ చాయ్ తాగి, ఆరోగ్యం అడిగి తిరిగి వచ్చాను. మనిషి ఎక్కడికి పోతాడు, వచ్చేవారం చెప్పవచ్చు అనుకున్నాను.

మేస్త్రి పోయిన తొమ్మిదో నాడు నేను వెళ్ళేసరికి పెద్దమ్మ ఇంటి విసుర్రాయి వాకిట్లో ఉంది. పైరాయి వెల్లకిలా ఉంది. దాని ముఖం మీద సగానికి కొత్త గంట్లు, మిగతా సగం నున్నగా అరిగిపోయి ఉంది.

"రేపు దినానికి పిండి ఇసరాలె" అంది పెద్దమ్మ. "కింది రాయి మొత్తం కొట్టిండు. ఇది సగం కొట్టి పెట్టిండు. మిగిలింది వాడు కొడతడు అన్నడు."

"ఎవరు పెద్దమ్మా?"

"ఇంకెవలు, నువ్వే. రెండేండ్ల సంది లోపటి అర్రల ఇట్లనే ఉన్నది. పొరుగింటి రాయి మీద ఇసురుకుంటున్న."

ఆమె చెప్పుకుంటూ పోయింది.

"నువ్వు ఫోటువలు దెచ్చినవు జూడు, దానికి రెండొద్దుల ముందే సంఘం అక్క వొచ్చి చెప్పిపాయె. ఆ దొర ఉలి ఇచ్చిండంట, నువ్వు తీసుకోలేదంట. నువ్వు పోయినంక ఆయన ఈ రాయి ముందల కూసున్నడు. సగం కొట్టి లేసిండు. గిదేందయ్యా, మిగిలింది కొట్టవా అన్న. వాడొస్తడు, కోటు ఇప్పినంక వస్తడు అన్నడు."

రాయేది అని అడిగినప్పటికే ఆయనకు అంతా తెలుసు. తెలిసి, నాకు చెప్పడానికి చోటు ఇచ్చి, చాయ్ పోయించారు.

ఉలుల సంచి గూట్లోనే ఉంది. చొక్కా విప్పి నేల మీద కూర్చున్నాను. ఆయన గీత ఆగిన చోటు వేలితో వెతికి, అక్కడి నుంచి మొదలుపెట్టాను. మొదటి దెబ్బ కావలసిన దానికన్న లోతుగా పడింది. నా వంపు ఆయన వంపులో కలవలేదు. ఒక రవ్వ ఎగిరి చేతి వెనుక గుచ్చుకుంది, తీయలేదు. పొద్దు వాలేసరికి రాయి నిండింది.

పెద్దమ్మ పైరాయిని బోర్లించి, గుప్పెడు బియ్యం పోసి తిప్పింది. రాలిన పిండిని చిటికెడు తీసి, అచ్చం ఆయనలాగే చెవి దగ్గర నలిపి వింది. ఇంకో గుప్పెడు పోసి పిడి పట్టుకుంది.

రాయి తిరుగుతోంది. ఆయన సగం మెత్తగా వెళ్ళిపోతోంది. చుట్టుకొకసారి, నా సగం వచ్చినప్పుడు, గరగరమంటోంది.