సుబ్బారావు పంతులి అసూయ

నరసరావుపేటలో నాటకం రాయగలిగిన మొనగాణ్ణి తానొక్కడినేనని సుబ్బారావు పంతులు పదేళ్లుగా నమ్ముకున్నాడు. పందొమ్మిదివందల నలభై ఆరులో ఆ నమ్మకం మీద మన్ను పోసినవాడు ఎవరనుకున్నారు? బట్టలు కుట్టుకునే గులాం మొహిద్దీన్!

మొహిద్దీన్ తన నాటకంలో ఒక బ్రాహ్మణ వితంతువును పెట్టాడు. వీధిలో పూలమ్మే మనిషి కేక వినపడగానే ఆవిడ గబగబా పెరట్లోకి పోయి, కడిగిన గిన్నెలే మళ్లీ కడుగుతుంది. అంతే, ఒక్క మాటుండదు. పేట పేటంతా ఏడ్చింది. పంతులి తల్లి వీరరాఘవమ్మ పైటకొంగు నోట్లో కుక్కుకుని మరీ ఏడ్చింది.

పంతులి కడుపు రగిలిపోయింది. మా ఇళ్లలో ఆడవాళ్ల సంగతి సాయిబుకేం తెలుసు? తెలియనివాడే అంత రాస్తే, తెలిసిన నేనెంత రాయాలి! పంతం కొద్దీ నెల తిరక్కుండా ఒక ముస్లిం పిల్ల మీద నాటకం రాసి పారేశాడు. పోనీ, దాచుకున్నాడా? నేరుగా మొహిద్దీన్ కొట్టుకే పట్టుకెళ్లి, మిషను ఆపించి మరీ చదివి వినిపించాడు. వాడి మొహం మాడిపోతే చూడాలని ఆశ.

నికా ఘట్టం వచ్చింది. అడ్డుతెర దించగానే ఎదురుగా ముసలి పెళ్లికొడుకు! అప్పటిదాకా ఏమీ ఎరగని పిల్ల కెవ్వున అరిచి కూలిపోయింది.

మొహిద్దీన్ మిషను మీది గుడ్డ పక్కకు తీసిపెట్టాడు. "పంతులుగారూ, ఏమీ అనుకోబాకండి. ఆ తెర మీ పెళ్లిళ్లదండీ. మా నికాలో పిల్ల తరపు పెద్దమనిషి, వకీలంటాం, సాక్షుల్ని తీసుకుని పిల్ల దగ్గరికే పోతాడు. పెళ్లికొడుకు పేరు చెప్పి, ఇష్టమేనా అమ్మా అని మూడుమాట్లు అడుగుతాడు. పిల్ల ఊఁ అనందే నికానే లేదు."

"మరి మా ఆడవాళ్ల సంగతి నీకెవడు చెప్పాడోయ్?"

"మీ అమ్మగారేనండీ. మీ చెల్లెలుగారి పెళ్లికి మీ అరుగు మీద పదిరోజులు కుట్టా గదా, అప్పుడు."

పంతులు రుసరుసలాడుతూ ఇంటికొచ్చాడు. సాయిబు తన కంటే బాగా రాశాడన్న మంట ఒకటైతే, కన్నతల్లి తనను కాదని వాడికి చెప్పుకుందన్న మంట దాన్ని మించిపోయింది.

"ఏందమ్మా ఇది! మన ఇంటి గుట్టు వాడికి చెప్తావా?"

వీరరాఘవమ్మ బియ్యంలో రాళ్లేరుతూ తలెత్తలేదు. "అడిగాడురా. పద్దెనిమిదేళ్లకే పసుపు కుంకాలు పోతే ఎట్టా బతికావమ్మా అని అడిగాడు. నన్ను ఆ మాట అడిగినవాడు వాడొక్కడే. చెప్పుకున్నా."

పంతులు మెత్తబడ్డాడు. చాప లాక్కుని తల్లి ఎదుట కూర్చున్నాడు. జేబులోంచి కాగితం, పెన్సిలూ తీశాడు.

"అయితే నాకూ చెప్పమ్మా. ఎట్టా బతికావు?"

ఆవిడ కొడుకు మొహం చూసింది, తర్వాత ఆ పెన్సిలు చూసింది.

"నాకోసం అడుగుతున్నావా నాయనా, సాయిబు మీద గెలవటానికా?"

ఆవిడ చేట ఎత్తుకుని లోపలికి వెళ్లిపోయింది.