పాటకు ముందు ఊపిరి

ఎనభైల్లో, జమ్మికుంట స్టేషన్ వెయిటింగ్ రూములో నా పక్కన కూర్చున్న ఒకావిడ, తాను సొంతంగా తయారుచేసుకున్న, సన్నని చప్పుడునూ పెద్దగా వినిపించే హెడ్‌ఫోన్ ఆంప్లిఫయర్‌ను విప్పింది. ఎడమ చెవిలో గరగర వస్తోందట. విప్పిన మరలు భర్త దోసిట్లో పట్టుకున్నాడు. ఆమె హెడ్‌ఫోన్ పెట్టుకుని, కళ్లు మూసుకుని, అగ్గిపుల్లతో ఒక్కో అతుకునూ తడుతూ పోయింది. చివరికి వదులైన తీగ దొరికింది. గోడ ప్లగ్గులో సోల్డరింగ్ ఐరన్ పెట్టి దాన్ని అతికించింది. ఆ ఓపికను నేను కన్నార్పకుండా చూశాను.

దాన్ని టేప్‌రికార్డర్‌కు కలిపి, క్యాసెట్ వేసి, హెడ్‌ఫోన్ నాకిచ్చింది.

“పోయిన మా బాపు పాట సార్. ఆయన గొంతు నాకు యాదికున్నది గద, లేనిది గుడ ఇనవడ్తది. మీరు జర ఇని చెప్పుండ్రి.”

విన్నాను. “మీ నాన్నగారు పాట ఎత్తుకునే ముందు ఊపిరి పీల్చుకున్నారమ్మా,” అన్నాను.

“గంతే సార్! గా ఊపిరి కోసమే గిది చేసిన.”

అప్పుడు హెడ్‌ఫోన్ తాను పెట్టుకుంది. రైలు వచ్చినా లేవలేదు. భర్త కూడా ఆమెను లేపలేదు.